మాంసం ముట్టని అమ్మకి పాలిప్ ఎందుకొచ్చింది?

మన భాషలో 'పైత్యం' అనే మాటకి ఉన్నంత పని ఇంకే రోగానికీ ఉండదేమో. ఎండలో తిరిగొచ్చి కళ్లు తిరిగితే పైత్యం చేసింది అంటాం. పొద్దున్నే నోరు చేదుగా ఉంటే పైత్యమే. రేపు సెమ్ ఎగ్జామ్ పెట్టుకుని ఈ రాత్రి సెకండ్ షోకి వెళ్దామంటే "నీకు పైత్యం ముదిరిందిరా" అని రూమ్మేట్ తిడతాడు. ఇన్ని చోట్ల వాడుతూ కూడా ఆ పైత్యరసం ఒంట్లో ఎక్కడ తయారవుతుందో, ఎక్కడ నిల్వ ఉంటుందో థర్డ్ ఇయర్ దాకా నేనెప్పుడూ పట్టించుకోలేదు.

మిడ్స్‌కి రెండు రోజుల ముందు అమ్మ ఫోన్ చేసింది.

"కడుపులో మంటగా ఉంటోందని మీ నాన్న పట్టుబట్టి స్కానింగ్ తీయించారు నాన్నా. పిత్తాశయంలో ఏదో పాలిప్ ఉందంట. 4.6 మిల్లీమీటర్లు అని రాశారు. అంటే ఏంటి?"

నేను ఒక చెవిలో ఇయర్‌ఫోన్, ఒళ్లో కమ్యూనికేషన్ సిస్టమ్స్ నోట్సు పెట్టుకుని ఉన్నా. తెలీదని చెప్పడానికి మనసొప్పలేదు. "మనం వెజిటేరియన్స్ కదమ్మా, అలాంటివి మనల్నేం చెయ్యవు. టెన్షన్ పడకు" అనేశా. అమ్మ నమ్మింది. ఇంజినీరింగ్ చదివే కొడుకు అంత ధీమాగా చెబితే ఏ తల్లి నమ్మదు? ఆరు నెలలకి మళ్లీ స్కాన్ చేయించుకోమని డాక్టర్ గారు రాసిన చీటీ ఫ్రిజ్ మీద బిస్కెట్ డబ్బా కింద ఉండిపోయింది. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అది నా కంటపడింది. అప్పటికి పది నెలలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి చదివిందే ఇక్కడ రాస్తున్నా. నేను డాక్టర్‌ని కాను, ఈసీఈ వాణ్ని. ఇది వైద్య సలహా కాదు. మీ ఇంట్లో ఎవరి రిపోర్టులోనైనా ఈ మాట కనిపిస్తే నాలాగా నోటికొచ్చింది చెప్పకుండా ఉంటారని రాస్తున్నానంతే.

ముందుగా, పిత్తాశయం చేసే పని

లివర్ రోజుకి దాదాపు 600 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా పైత్యరసం తయారుచేస్తుంది. కొవ్వు అరగాలంటే ఇది కావాలి. కానీ మనం రోజంతా తింటూ కూర్చోం కదా (హాస్టల్లో కొందరిని మినహాయిస్తే). తిననప్పుడు వచ్చే పైత్యరసాన్ని దాచిపెట్టడానికి లివర్ కింద ఒక చిన్న సంచి ఉంటుంది. అదే పిత్తాశయం. పొడవు 7 నుంచి 10 సెంటీమీటర్లు, చూడ్డానికి ఓ మోస్తరు వంకాయలా ఉంటుంది. పట్టేది మాత్రం 30 నుంచి 50 మిల్లీలీటర్లే. అంత తక్కువ జాగాలో అంత రసం ఎలా పడుతుందంటే, పిత్తాశయం అందులోని నీళ్లు పీల్చేసి చిక్కగా చేస్తుంది. పాలు మరిగించి కోవా చేసినట్టు.

మనం నెయ్యన్నమో బజ్జీయో తిన్నామనుకోండి. ఆ కొవ్వు చిన్నపేగు మొదటి భాగానికి చేరగానే అక్కడ్నుంచి కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. మన భాషలో చెప్పాలంటే అదొక ఇంటరప్ట్ సిగ్నల్. అది అందగానే పిత్తాశయం ముడుచుకుని నిల్వ ఉన్న రసాన్ని పేగులోకి వదులుతుంది. పొట్ట స్కానింగ్‌కి ఏమీ తినకుండా రమ్మనడానికి కారణం కూడా ఇదే. తిని వెళ్తే పిత్తాశయం ముడుచుకుపోయి ఉంటుంది, లోపల ఏముందో సరిగ్గా కనపడదు.

ఈ రసంలో ఎక్కువ భాగం నీళ్లే. మిగతావాటిలో ముఖ్యమైనవి పైత్య లవణాలు, లెసిథిన్, కొలెస్ట్రాల్, రంగునిచ్చే బిలిరుబిన్. కొలెస్ట్రాల్ నీళ్లలో కరగదు. పైత్య లవణాలూ లెసిథిన్ కలిసి, గిన్నెల సబ్బు జిడ్డుని పట్టుకున్నట్టు, దాన్ని చుట్టూ పట్టుకుని కరిగి ఉండేలా చూస్తాయి. ఈ మూడింటి లెక్క సరిగ్గా ఉన్నంతకాలం గొడవ లేదు. కొలెస్ట్రాల్ వాటా పెరిగితే అది స్ఫటికాలుగా విడిపోతుంది. అవి పేరుకుంటే రాళ్లు.

పాలిప్ అంటే గడ్డేనా?

రాయి సంచి లోపల విడిగా ఉంటుంది. పాలిప్ గోడకి అంటుకుని లోపలికి పొడుచుకొస్తుంది. ఆ మాట వినగానే మా పెద్దమ్మ "అయ్యో, గడ్డ!" అని ఏడుపందుకుంది. కానీ ఎక్కువ పాలిప్‌లు అసలు కణితులే కావు. పిత్తాశయం గోడ లోపలికి చేరిన కొలెస్ట్రాల్‌ని మన రక్షణ కణాలు మింగేసి, ఉబ్బి, లోపలి పొర కిందే కూర్చుండిపోతాయి. అవి గుంపుగా చేరి చిన్న బుడిపెలా పైకి లేస్తే దాన్ని కొలెస్ట్రాల్ పాలిప్ అంటారు. గోడ మొత్తం మీద ఇలాంటి పసుపు చుక్కలు పరుచుకుంటే ఎర్రటి గోడ మీద స్ట్రాబెర్రీ గింజల్లా కనిపిస్తాయి కాబట్టి డాక్టర్లు 'స్ట్రాబెర్రీ గాల్‌బ్లాడర్' అని పేరు పెట్టారు. పేరు ముద్దుగానే ఉంది.

సగానికి పైగా పాలిప్‌లు ఈ కొలెస్ట్రాల్ రకమే. ఇవి క్యాన్సర్‌గా మారవు. వాపు వల్ల వచ్చేవి కొన్ని, గోడ మందం కావడం వల్ల అలా కనిపించేవి కొన్ని. అడినోమా అనే నిజమైన కణితి రకం తక్కువమందిలోనే ఉంటుంది. అసలు జాగ్రత్త పడాల్సింది దాని గురించే. చిక్కేంటంటే, పాలిప్ చిన్నగా ఉన్నప్పుడు అది ఏ రకమో స్కానింగ్‌లో ఖాయంగా చెప్పడం కష్టం. అందుకే డాక్టర్లు రకం కంటే సైజు మీదే ఎక్కువ ఆధారపడతారు.

ఇది అరుదైన విషయం కూడా కాదు. వేరే ఏ కారణానికో స్కాన్ చేయించుకున్న పెద్దవాళ్లలో సుమారు 5 శాతం మందికి ఏదో ఒక పాలిప్ కనిపిస్తుంది. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. అమ్మ కడుపులో మంటకి కూడా దీనికీ సంబంధం లేదట. అది గ్యాస్ట్రైటిస్. దానికి వేరే మాత్రలు వాడితే తగ్గిపోయింది.

మాంసం తినకపోతే కొలెస్ట్రాల్ ఎక్కడిది?

ఇంట్లో అందరి ప్రశ్నా ఇదే. మా పెద్దమ్మ అయితే "గుడ్డు కూడా ముట్టని మనిషికి ఇదేం ఖర్మే!" అంది. ఇక్కడ హాస్టల్లో మా భీమవరం రూమ్మేట్ లైను వేరు. "చూశావా, పప్పు తిన్నా తప్పలేదు. ఈ ఆదివారం నుంచి మా బ్యాచ్‌లోకి వచ్చెయ్." ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. కొలెస్ట్రాల్ అంటే మాంసంతో పాటు కడుపులోకి వెళ్లేది అనుకుంటున్నారు.

నిజానికి ఒంట్లో ఉండే కొలెస్ట్రాల్‌లో సుమారు మూడొంతులు, అంతకన్నా ఎక్కువే, మన శరీరమే తయారుచేసుకుంటుంది. లివర్ అందులో పెద్ద ఫ్యాక్టరీ. కణాల గోడలకి, హార్మోన్లకి, చివరికి పైత్య లవణాల తయారీకి కూడా కొలెస్ట్రాలే ముడిసరుకు. తెల్లన్నం, మైదా, పంచదార ఎక్కువై ఇన్సులిన్ పెరిగితే ఆ ఫ్యాక్టరీ ఇంకా జోరుగా నడుస్తుంది. అంటే పళ్లెంలో ముక్క లేకపోయినా ఒంట్లో కొలెస్ట్రాల్ తయారీ ఆగదు. పైగా మనం తినే శాకాహారంలో పాలు, పెరుగు, నెయ్యి ఉంటాయి. వాటిలోనూ కొలెస్ట్రాల్ ఉంటుంది.

ఇంకో విషయం. కొలెస్ట్రాల్ అనే పేరులోనే పైత్యం ఉంది. ఈ పదార్థాన్ని 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో మొదట కనిపెట్టింది పిత్తాశయం రాళ్లలోనే. 1815లో షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త దానికి పేరు పెట్టాడు. గ్రీకులో ఖోలే అంటే పైత్యం, స్టెరియోస్ అంటే గట్టిది. గట్టిపడ్డ పైత్యం అన్నమాట. మటన్ కొట్టుకీ ఆ పేరుకీ సంబంధమే లేదు.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి?

శాకాహారమూ పిత్తాశయమూ అనగానే దొరికే పెద్ద పరిశోధనలు ఎక్కువగా రాళ్ల మీదే జరిగాయి. ముందు అవి చూద్దాం.

1985లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 40 నుంచి 69 ఏళ్ల మధ్య ఆడవాళ్లకి అల్ట్రాసౌండ్ చేశారు. మాంసాహారులు 632 మంది, శాకాహారులు 130 మంది. మాంసాహారుల్లో సుమారు 25 శాతం మందికి రాళ్లు ఉన్నాయి లేదా అంతకుముందే పిత్తాశయం తీయించుకున్నారు. శాకాహారుల్లో అలాంటివాళ్లు 12 శాతం. సగం! ఇది చదివి నేను "చెప్పానా!" అనుకున్నా. అమ్మకి ఫోన్ కూడా చేయబోయా.

అదృష్టం కొద్దీ ఇంకోటి కూడా చదివా. 2017లో వచ్చిన బ్రిటన్ పరిశోధన ఇంకా చాలా పెద్దది. దాదాపు 50 వేల మందిని సగటున 14 ఏళ్ల పాటు గమనించారు. అందులో మూడో వంతు శాకాహారులు. బరువూ మిగతా తేడాలూ సరిచేసి లెక్కవేస్తే, రాళ్ల బాధతో ఆసుపత్రికి చేరే అవకాశం శాకాహారుల్లోనే 22 శాతం ఎక్కువని తేలింది. అందులోనే ఇంకో సంగతి ఉంది. బరువు పెరిగేకొద్దీ రాళ్ల ప్రమాదం బాగా పెరుగుతూ పోయింది.

మూడోది 2019లో తైవాన్ నుంచి వచ్చింది. ఒక బౌద్ధ సేవా సంస్థ వాలంటీర్లు 4,800 మందికి పైగా. అక్కడ శాకాహారం తినే ఆడవాళ్లలో రాళ్ల బాధ దాదాపు సగానికి తగ్గింది. మగవాళ్లలో ఏ తేడా లేదు.

ఒకటి సగం అంటుంది, ఒకటి ఎక్కువంటుంది, ఒకటి ఆడవాళ్లకే అంటుంది. మన ల్యాబ్‌లో అయితే "రీడింగ్స్ మళ్లీ తీసుకోండి" అని సార్ పంపించేస్తారు. కానీ ఇక్కడ కొలిచింది ఒకటే కాదు. 1985లో బాధ లేనివాళ్లకి కూడా స్కాన్ చేసి లెక్కపెట్టారు. మిగతా రెండింటిలో బాధతో బయటపడ్డవాళ్లనే లెక్కపెట్టారు. పైగా బ్రిటన్ శాకాహారి తినేది వేరు, తైవాన్ శాకాహారి తినేది వేరు. మా అమ్మ తినే గోంగూర పప్పు, ముద్దపప్పు ఆవకాయ ఈ మూడింటిలో ఎక్కడా లేవు.

ఇంకో ముఖ్యమైన మాట. రాయి వేరు, పాలిప్ వేరు. కొలెస్ట్రాల్ పాలిప్‌కీ కొలెస్ట్రాల్ రాయికీ ముడిసరుకు ఒకటే కాబట్టి ఈ పరిశోధనలు మనకి ఒక సూచన ఇస్తాయి, అంతే. పాలిప్‌ల మీద తూర్పు ఆసియా దేశాల్లో హెల్త్ చెకప్ లెక్కలతో చేసిన పరిశోధనలు ఉన్నాయి. వాటిలో మగవాళ్లు కావడం, పొట్ట దగ్గర బరువు, షుగరు, రక్తంలో కొవ్వు లాంటివి ఎక్కువగా ముందుకొస్తాయి. 'వెజ్ కాబట్టి సేఫ్' అని ఎవరూ రాసివ్వలేదు. అది నేను అమ్మకి సొంతంగా రాసిచ్చిన సర్టిఫికెట్.

మన దేశం మ్యాప్ చూస్తే

పిత్తాశయం క్యాన్సర్ మన దేశంలో అన్నిచోట్లా ఒకేలా లేదు. ఉత్తరప్రదేశ్, బీహార్ లాంటి గంగా పరీవాహక ప్రాంతంలోనూ, ఈశాన్యంలో కొన్నిచోట్లా ఎక్కువ. దక్షిణాదిలో చాలా తక్కువ. దీన్ని చూసి కొందరు వెంటనే తిండికి ముడిపెట్టేస్తారు. 2014 ఎస్ఆర్ఎస్ బేస్‌లైన్ సర్వే పక్కన పెట్టి చూడండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో శాకాహారులు నూటికి ఇద్దరు కూడా లేరు. బీహార్‌లో కూడా పదిమందిలో తొమ్మిదిమందికి పైగా మాంసాహారులే. ఇక్కడా మాంసాహారులే, అక్కడా మాంసాహారులే, జబ్బు మాత్రం అక్కడ ఎక్కువ. అంటే వెజ్, నాన్‌వెజ్ అనే గీత ఒక్కటే ఈ తేడాని వివరించలేదు. రాళ్లు ఎక్కువగా ఉండటం, టైఫాయిడ్ క్రిములు పిత్తాశయంలో ఏళ్లతరబడి ఉండిపోవడం, నీళ్లలో ఆర్సెనిక్, కల్తీ ఆవనూనె, ఇలా చాలావాటిని శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు.

వెజ్ అంటే ఏ వెజ్?

ఇక్కడ మన మెస్ గురించి చెప్పక తప్పదు. శాకాహారం అనగానే పరిశోధన పేపర్లలో పీచు, పప్పులు, ఆకుకూరలు, పళ్లు అని ఉంటుంది. మన మెస్‌లో వెజ్ అంటే తెల్లన్నం కొండ, బంగాళాదుంప వేపుడు, నీళ్ల సాంబారు, అప్పడం. సాయంత్రం గేటు దగ్గర పునుగులు, మిరపకాయ బజ్జీ. రాత్రి పన్నెండుకి నూడుల్స్. ఇందులో ఒక్క ముక్క మాంసం లేదు. అయినా పేపర్లలో చెప్పే శాకాహారం ఇది కాదు.

పీచు ఎందుకు ముఖ్యమంటే, అది పేగుల్లో పైత్య లవణాల్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. పోయిన లవణాల్ని మళ్లీ తయారుచేయడానికి లివర్ కొలెస్ట్రాల్‌ని ఖర్చుపెట్టాలి. అంటే తోటకూర పప్పు తిన్న ప్రతిసారీ స్టాకు కొంచెం ఖాళీ అవుతుందన్నమాట. పల్లీల గురించి కూడా ఒక మంచి మాట ఉంది. అమెరికాలో 80 వేలకి పైగా నర్సుల్ని 20 ఏళ్లు గమనిస్తే, పల్లీలూ బాదం లాంటివి వారానికి ఐదుసార్లు, ఆపైన తినేవాళ్లలో పిత్తాశయం తీయించుకోవాల్సిన అవసరం నాలుగో వంతు తక్కువగా కనిపించింది. వేయించిన పల్లీల పొట్లం మన క్యాంపస్ గేటు దగ్గరా దొరుకుతుంది.

ఏం తింటున్నాం అన్నదానితో పాటు ఎప్పుడు తింటున్నాం అన్నది కూడా చూడాలి. చాలాసేపు తినకపోతే పిత్తాశయం ముడుచుకోదు, రసం అందులోనే నిలిచి ఇంకా చిక్కబడుతుంది. మా అమ్మ పూజ అయ్యేదాకా కాఫీ తప్ప ఏమీ ముట్టదు. శనివారం ఒక్కపొద్దు. కార్తీక సోమవారాలు చుక్క కనిపించేదాకా ఉపవాసం. వీటివల్లే పాలిప్ వచ్చిందని నేను అనడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ విపరీతంగా తిండి తగ్గించి వారానికి కిలోన్నర కంటే వేగంగా బరువు తగ్గేవాళ్లలో రాళ్లు ఏర్పడే ప్రమాదం పెరుగుతుందన్నది బాగా రుజువైన విషయం. ఫెస్ట్‌కి ముందు నెలరోజులు కీరదోసకాయ మీద బతికే మన బ్యాచ్ ఇది గుర్తుపెట్టుకోవాలి.

0.4 మిల్లీమీటర్ల కథ

చీటీ దొరికిన మూడో రోజు పొద్దున్నే అమ్మని నేనే స్కానింగ్‌కి తీసుకెళ్లా. రేడియాలజిస్ట్ మేడమ్ ప్రోబ్ పెట్టి చూస్తూ "ఎడమ పక్కకి తిరగండమ్మా" అన్నారు. అలా ఎందుకు తిప్పుతారో తర్వాత చదివా. రాయి అయితే మనిషి తిరిగినప్పుడు అదీ దొర్లుతుంది, దాని వెనక నల్లటి నీడ పడుతుంది. పాలిప్ అయితే గోడకి అతుక్కుని కదలదు, నీడ ఉండదు.

రిపోర్టులో 5 మిల్లీమీటర్లు అని వచ్చింది. నాన్న ముఖం పాలిపోయింది. "4.6 కాస్తా 5 అయింది. పెరుగుతోంది. ఆపరేషన్ చేయించేద్దాం." నాకూ గుండె జారింది. పది నెలలు నా మాట వల్లే ఆలస్యమైంది కదా అని.

కాసేపటికి ఈసీఈ బుర్ర పనిచేసింది. అల్ట్రాసౌండ్ కూడా తరంగమే కదా. ఒంట్లో శబ్దవేగం సెకనుకి సుమారు 1540 మీటర్లు అని తీసుకుంటారు. పొట్ట స్కానింగ్‌లో మామూలుగా వాడే 3.5 మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 0.44 మిల్లీమీటర్లు. అంటే 4.6కీ 5కీ మధ్య తేడా ఒక్క తరంగదైర్ఘ్యం కూడా లేదు! పక్కవైపు రిజల్యూషన్ ఇంకా తక్కువగా ఉంటుంది. రెండుసార్లు కొలిచింది వేరే మనుషులు, వేరే మెషిన్లు, కర్సర్ పెట్టిన చోటూ వేరు. స్కేలుతో వెంట్రుక మందం కొలిచి పెరిగిందని ఏడ్చినట్టుంది మా పరిస్థితి.

డాక్టర్ గారు కూడా దాదాపు అదే చెప్పారు. "ఇది తేడా కాదు సార్. రెండేళ్లలోపు 2 మిల్లీమీటర్లు, అంతకు మించి పెరిగితే అప్పుడు ఆలోచిద్దాం. కానీ ఆరు నెలలకి రమ్మంటే ఎందుకు రాలేదమ్మా?" అమ్మ నావైపు చూసింది. ఏమీ అనలేదు. నేను నేల చూశా.

గుర్తుంచుకోవాల్సిన అంకెలు

2022లో యూరప్ వైద్య సంఘాలు కొన్ని కలిసి సవరించిన మార్గదర్శకాల ప్రకారం లెక్క సుమారుగా ఇలా ఉంటుంది.

పాలిప్ 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే, ఆపరేషన్ తట్టుకోగలిగినవాళ్లకి పిత్తాశయం తీసేయమంటారు.

6 నుంచి 9 మధ్య ఉండి, ప్రమాద కారణం ఏదైనా ఉంటే అప్పుడూ ఆపరేషనే సూచిస్తారు. 60 ఏళ్లు దాటడం, పైత్య నాళాలకి వచ్చే ఒకరకం దీర్ఘకాలిక వ్యాధి, కాడ లేకుండా గోడకి వెడల్పుగా అతుక్కున్న పాలిప్, ఆసియా మూలాలు ఉండటం, ఇవీ ఆ కారణాలు.

6 నుంచి 9 ఉండి కారణాలేవీ లేకపోయినా, లేదా 5, అంతకంటే తక్కువ ఉండి కారణం ఏదైనా ఉన్నా, ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్లకి స్కాన్ చేసి చూడమంటారు. పెరగకపోతే అక్కడితో ఆపేయొచ్చు.

5, అంతకంటే తక్కువ ఉండి ఏ కారణమూ లేకపోతే మళ్లీ స్కాన్ అక్కర్లేదు.

ఈ జాబితాలో నన్ను ఆపేసింది 'ఆసియా మూలాలు' అన్న మాట. 2017 నాటి మార్గదర్శకాల్లో అయితే సూటిగా 'భారతీయ మూలాలు' అనే ఉండేది. అంటే అదే సైజు పాలిప్ ఉన్న యూరప్ ఆవిడని ఇంటికి పంపేసినా, మా అమ్మని మాత్రం మళ్లీ రమ్మనాలి. శాకాహారమా, మాంసాహారమా అన్నది ఆ జాబితాలో ఎక్కడా లేదు. నేను లేని కారణాన్ని పట్టుకుని, ఉన్న కారణాన్ని వదిలేశా.

ఎలాంటి పాలిప్ ఉన్నా లేకపోయినా, కుడివైపు పక్కటెముకల కింద తీవ్రమైన నొప్పి, జ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

వాట్సాప్ వైద్యం

ఈలోగా మా పెద్దమ్మ ఒక వీడియో పంపింది. ఒక పూట ఏమీ తినకుండా ఆలివ్ నూనె, నిమ్మరసం, ఎప్సమ్ సాల్ట్ తాగితే మర్నాడు పిత్తాశయంలోవన్నీ పచ్చటి ఉండలుగా పడిపోతాయట. వీడియోలో ఉండలు కూడా చూపించారు. అమ్మ సీసా కొనడానికి సిద్ధమైపోయింది.

2005లో లాన్సెట్ పత్రికలో ఇలాంటి ఉండల గురించే వచ్చింది. ల్యాబ్‌లో పరీక్షిస్తే అవి రాళ్లు కావు, సబ్బు! తాగిన నూనె కడుపులో విడిపోయి, లవణాలతో కలిసి ఉండకట్టిందన్నమాట. ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో మనం చదివిన సపోనిఫికేషనే. పాలిప్ అయితే గోడలో భాగం, అది పడిపోయే ప్రశ్నే లేదు. పైగా నిజంగానే రాళ్లు ఉన్నవాళ్లు అంత నూనె ఒక్కసారి తాగితే, పిత్తాశయం గట్టిగా ముడుచుకుని రాయి నాళంలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఇదంతా అమ్మకి చెబితే నవ్వి "అంటే ఆవిడ పొట్టలో సబ్బు చేసుకుందా?" అంది.

చివరగా

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ అడిగింది. "అయితే నెయ్యి మానేయాలా?"

"మానక్కర్లేదు, తగ్గించమన్నారు కదా. అన్నం కూడా కొంచెం తగ్గించు. పొద్దున్న పూజకి ముందే ఏదైనా తిను, దేవుడేమీ అనుకోడు."

"మరి శాకాహారం తిన్నా ఎందుకొచ్చిందంటావ్?"

ఈసారి ఇయర్‌ఫోన్స్ లేవు. "ఎందుకొచ్చిందో నాకు తెలీదమ్మా. ఆ రోజు కూడా తెలీదు. తెలిసినట్టు చెప్పా" అన్నా. అమ్మ నా భుజం మీద తట్టి కిటికీలోంచి బయటికి చూసింది.

శాకాహారం మంచిదే. నేనూ మానను. గుండెకి, బరువుకి, పేగులకి దానివల్ల లాభాలున్నాయి, అదీ పప్పులూ కూరలూ ఉన్న శాకాహారమైతే. కానీ అది డాక్టర్ చీటీకి బదులు కాదు. తరవాతి స్కాన్ తేదీని ముగ్గురి ఫోన్లలోనూ రిమైండర్ పెట్టా. ఆ వారంలో నాకు సెమ్ ఎగ్జామ్స్ ఉన్నాయి. అయినా నేనే తీసుకెళ్తానని అమ్మకి చెప్పా.